సదుపాయం గారి వంటిల్లు

మా బాబాయిని వీధిలో అందరూ సదుపాయం గారు అంటారు. వెక్కిరించడానికి పెట్టిన పేరు. ఆయన మాత్రం దాన్ని బిరుదుగా తీసుకున్నాడు. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూస్తాడు. కూర్చున్న కుర్చీ కిర్రుమంటే దాన్ని తిరగేసి చూసేదాకా ఆయనకు ముద్ద దిగదు. మన ఇంటికి వచ్చినా ఇదే వరస. మంచినీళ్ళు తెద్దామని మనం లోపలికి వెళ్ళి వచ్చేసరికి మన తలుపు గడియ ఊడి ఆయన చేతిలో ఉంటుంది. ఇది ఇలా కాదమ్మా ఉండాల్సింది అంటాడు. తిరిగి బిగించే సామాను దగ్గర ఉండదు గనక రేపొస్తానని చెప్పి వెళ్ళిపోతాడు. ఆ రాత్రి మనం తలుపుకు బీరువా అడ్డం పెట్టుకుని పడుకోవాలి.

ఆయన సదుపాయాల మధ్య పెరిగినదాన్ని నేను. బడికి సెలవులివ్వగానే మా అమ్మానాన్నలు నన్ను బాబాయి ఇంట్లో దింపి ఊపిరి పీల్చుకునేవారు. ఒక ఏడాది వానలకు బట్టలు ఆరడం లేదని బాబాయి భోజనాల గది పైకప్పుకు కప్పీలు బిగించి, తాడు లాగితే బట్టలన్నీ పైకి లేచే ఏర్పాటు చేశాడు. బట్టలు పైకి లేచాయి. వాటిలో నీళ్ళు మాత్రం కిందికే వచ్చాయి. ఆ సెలవులు అయ్యేదాకా నేనూ పిన్నీ గొడుగు వేసుకుని అన్నం తిన్నాం. వీధి తలుపు తనంతట తనే మూసుకోవాలని దాని వెనక ఒక ఇనప గుండు వేలాడదీశాడు. తలుపు మూసుకునేది, కాకపోతే లోపలికి వచ్చినవాళ్ళ మడమ మీదుగా మూసుకునేది. మా నాన్న కాలి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తమ్ముడి మీద ప్రేమ కొద్దీ చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డానని అందరికీ చెబుతాడు. ఇక స్నానాల గది దీపం స్విచ్చి గది బయట ఉండేది. లోపలికి వెళ్ళినవాళ్ళు పాటలు పాడుకుంటూ కూర్చుంటే ఆర్పి గుర్తు చేయడానికట.

వాళ్ళకు పిల్లలు లేరు. ఆ ముద్దూ మురిపెం అంతా బాబాయి ఇంటి మీద తీర్చుకున్నాడు. ఇల్లు పాపం నోరు లేనిది, ఊరుకుంది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఒక యంత్రాల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాడు. నట్లు, బోల్టులు, బేరింగులు, బెల్టులు. అక్కడ ఆయన పట్టుకున్న సూత్రం ఒకటే. ఎక్కువ కదిలే సరుకు ముందు వరసలో ఉండాలి, తక్కువ కదిలేది వెనక వరసలోకి పోవాలి, నెల తిరగ్గానే ఏది ఎంత కదిలిందో చూసి స్థానాలు మార్చాలి. దీనికి ఒకసారి పై అధికారి ఆయనకు చప్పట్లు కూడా కొట్టాడు. రిటైరయ్యాక ఫ్యాక్టరీకి పట్టిన పీడ పిన్నికి చుట్టుకుంది. చూడ్డానికి ఇంట్లో మిగిలిన స్టోర్స్ ఒక్క వంటిల్లే కదా.

ప్రతి నెలా ఒకటో తారీఖున టీ తాగి, చొక్కా చేతులు మడిచి, వంటింట్లో డబ్బాలన్నీ కింద పరిచేవాడు. ఈ నెల చక్కెర కదలిక తగ్గింది అనేవాడు. చక్కెర పై అరలో వెనక్కి పోయేది. ఉప్పు ముందుకొచ్చేది. చుట్టాలు వచ్చిన నెలలో టీ గ్లాసులు ముందు వరసలో ఉండేవి, వాళ్ళు అటు వెళ్ళగానే అటకెక్కేవి. వచ్చే నెల మళ్ళీ ఎవరైనా వస్తే బాబాయే నిచ్చెన వేసి దించేవాడు, దాన్ని కూడా ఒక సేవలాగా.

మా పిన్నిని అందరూ నోట్లో నాలుక లేని మనిషి అనేవారు. నాలుక ఉంది. బాబాయి ఎదుట ఎక్కువ కదిలేది కాదు గనక వెనక వరసలోకి వెళ్ళిపోయింది, అంతే. నాతో ఉన్నప్పుడు ఆ నాలుకకు ఎంత పదునుండేదో నాకు తెలుసు. ఆవిడ చాలా ఏళ్ళు కుట్టుపని చేసింది. ఆ వీధిలో పిల్లల బడి బట్టలన్నీ, కిటికీ తెరలన్నీ ఆవిడ చేతి మీదుగా వెళ్ళినవే. కొన్నేళ్ళ కిందట ఓపిక లేదంటూ మానేసింది. ఆవిడ మానేసిన వారంలోనే బాబాయి కుట్టుమిషను తల ఊడబెరికి, కాళ్ళ మీద చెక్క బిగించి, కూరగాయలు తరుక్కునే బల్లగా మార్చాడు. కదలని సరుకు చోటు తినేస్తుందని ఆయన వాదన. మా అమ్మ, మా అత్తయ్య, అంటే బాబాయి చెల్లెలు, ఇద్దరూ వచ్చి ఆ బల్ల చూసి మురిసిపోయారు. మా ఆయన మేకు కొట్టమంటే ఏడాది తిప్పుతాడు, నువ్వెంత అదృష్టవంతురాలివే అని పిన్నితో అన్నారు. పిన్ని నవ్వి వాళ్ళకు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి గాని రాలేదు. గ్లాసులు ఎక్కడున్నాయో వెతుక్కుంటోంది.

నేను వాళ్ళకు పక్క వీధిలోనే ఉంటాను. ఒకరోజు పిన్ని గుడ్డముక్కలు కొనాలని చెప్పి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరి, కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ చీటీలు రాసే అమ్మాయి ఆవిడను చూడగానే పలకరించింది. అంటే అది మొదటిసారి కాదు. డాక్టరమ్మ నన్ను కూతురనుకుని వివరంగా చెప్పింది. చూపు పక్కల నుంచి పోతోంది, పోయింది తిరిగి రాదు, మందు చుక్కలు వేస్తే మిగిలింది కొంతకాలం నిలబడుతుంది, ఎంతకాలమో మాత్రం చెప్పలేను అంది. ఇప్పటికే ఆవిడకు ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కాస్త కనిపిస్తుందట. వెలుతురు తగ్గితే అదీ లేదట.

బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నాం. బాబాయికి చెబుదాం అన్నాను. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"చెబితే ఏం చేస్తారో తెలుసుగా అమ్మడూ? ఇల్లు పీకి పందిరేస్తారు. నేను చూపు పోయేలోపు ఆ వంటింటిని చేతులకి నేర్పుకోవాలి. పొయ్యి ఎక్కడ, ఉప్పెక్కడ, గ్లాసులెక్కడ, మెట్టెక్కడ. అదొక్కటి వచ్చేస్తే చాలు. నా టీ నేను పెట్టుకుంటాను. ఒకళ్ళు పెట్టిస్తే తాగే బతుకు నాకొద్దు."

ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. వేశాను. తర్వాత ఎన్నిసార్లు ఆ ఒట్టును గట్టున పెట్టేద్దామనుకున్నానో.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక పందెం నడిచింది. పరిగెత్తేవాళ్ళలో ఒకరికి పందెం ఉందన్న సంగతే తెలీదు. బాబాయి మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పిన్ని కళ్ళు మూసుకుని వంటింట్లో తిరిగేది. గుమ్మం దగ్గరి మెట్టు దిగి, ఎడంచేత్తో వంటగట్టు అంచు పట్టుకుని, అర మీద డబ్బాలు ఒక్కొక్కటే తడుముతూ మనసులో అప్పజెప్పుకునేది. నెల ఆఖరికి అంతా వచ్చేసేది. ఒకటో తారీఖు రాగానే బాబాయి చొక్కా చేతులు మడిచేవాడు. ఆవిడ అల్లినదంతా ఆయన ఒక్క పూటలో విప్పేసేవాడు, అదీ ఈల వేసుకుంటూ.

ఈ నెలకి అలాగే ఉండనివ్వండి అని ఆవిడ ఒకటి రెండుసార్లు అడిగింది కూడా. ఆయన జాలిపడ్డాడు. స్టోర్స్ గురించి తెలియనివాళ్ళు అలాగే అంటారని చెప్పి, ముందు వరసకూ వెనక వరసకూ ఉన్న తేడా మీద మళ్ళీ మొదటినుంచి పాఠం చెప్పాడు. అప్పుడు పిన్ని ఒక ఉపాయం పన్నింది. ఉప్పు డబ్బా ముందు వరసలోంచి కదలకుండా ఉండాలంటే ఉప్పు ఎక్కువ ఖర్చవ్వాలి కదా, రోజూ గుప్పెడు ఉప్పు తీసి తూములో పోసేది. అది చాలక కూరల్లో కూడా ఒక చెయ్యి ఎక్కువ వేసేది. ఉప్పు డబ్బా నిలబడింది. బాబాయి మాత్రం దాహంతో గంటకోసారి మంచినీళ్ళ కోసం రావడంతో, నీళ్ళ బిందె కదలిక పెరిగిందని దాన్ని తెచ్చి దారికి అడ్డంగా పెట్టాడు. పిన్ని మోకాలికి అది రోజూ తగిలేది.

తప్పులు జరగకుండా ఎలా ఉంటాయి? ఒకసారి అత్తయ్యకిచ్చిన టీలో ఉప్పు పడింది. అత్తయ్య గుటక వేసి, ఉమ్మలేక మింగలేక కళ్ళు తేలేసింది. బాబాయికి వెంటనే రోగం అర్థమైపోయింది. మతిమరుపు అని తేల్చాడు. మర్నాడు డబ్బాలన్నిటి మీదా ఎర్ర రంగుతో పేర్లు రాశాడు. మళ్ళీ పొరపాటు జరిగితే అక్షరాలు ఇంకా పెద్దవి చేశాడు. పోనుపోను ఎంత పెద్దవయ్యాయంటే, ఉప్పు డబ్బాకు ముందువైపు చూస్తే ఉకారం, వెనక్కి తిప్పితే మిగతాది. అవి చదవగలిగే చూపే ఉంటే ఆ గొడవంతా ఎందుకు?

మతిమరుపు సంగతి చుట్టాలందరికీ చేరింది. ఎవరికి తోచిన సలహా వాళ్ళిచ్చారు, సలహాకు ఖర్చేముంది. మా అమ్మ పొద్దున్నే లేచి ఎక్కాలు అప్పజెప్పుకోమంది. అత్తయ్య ఎందుకో పిన్నితో గట్టిగా అరిచి మాట్లాడటం మొదలుపెట్టింది, మతిమరుపు చెవులకు వస్తుందన్నట్టు. బాబాయి అందరి ముందూ పిన్ని భుజం తట్టి, నేనుండగా దీనికేం లోటు అనేవాడు. పిన్ని ఆ పేరు మోసింది. నిజం బయటపడటం కన్నా అదే నయమనుకుంది. నాకు మాత్రం కడుపు మండిపోయేది. ఆ మనిషి రోజంతా ఇంటిని చూసేవాడు, గోడలో సన్నటి బీట పడితే పసిగట్టేవాడు. పెళ్ళాం గుమ్మం దాటేటప్పుడు చేత్తో తడుముకుంటోందని మాత్రం ఒక్కనాడూ కనిపెట్టలేదు.

ఇలా ఉండగా బాబాయికి నడుం పట్టేసింది. వంగడానికి లేదు, నిచ్చెన ఎక్కడానికి లేదు. ఒకరి నడుం నొప్పికి నేనంత సంతోషించడం అదే మొదలు. వరసగా రెండు ఒకటో తారీఖులు డబ్బాలు కదలకుండా గడిచిపోయాయి. ఒక సాయంత్రం పిన్ని నన్ను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంది. మెట్టు దిగి, పొయ్యి వెలిగించి, నీళ్ళు కొలిచి, టీ పొడి, చక్కెర, పాలు, అన్నీ ఒక్క తడబాటు లేకుండా వేసి, గ్లాసులో వంపి నా చేతిలో పెట్టింది. గట్టు మీద చుక్క పడలేదు.

"వచ్చేసింది అమ్మడూ. ఇక పోతే పోనీ," అంది, చూపు గురించి.

ఆ టీ తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముఖం మాత్రం వెలిగిపోతోంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే పిన్ని వాళ్ళక్కకు ఆపరేషనైతే సాయంగా ఉండటానికి పొరుగూరు వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళింది, బాబాయి నడుం ఇటు బాగైంది. నాకు ఆఫీసులో ఆడిట్ నడుస్తుండటంతో ఆ వీధి వైపే వెళ్ళలేకపోయాను. వెళ్ళి ఉంటే మేస్త్రీ కాళ్ళు పట్టుకునైనా ఆపేదాన్ని. పిన్ని తిరిగొచ్చే రోజు మమ్మల్నందరినీ రమ్మని బాబాయి కబురు చేశాడు. వెళ్ళి చూద్దును కదా, వంటిల్లు వంటిల్లుగా లేదు.

పాపం, పిన్ని పెళ్ళైనప్పటినుంచి గోడకేసి చూస్తూ వంట చేసిందట. అందుకని పొయ్యినీ గట్టునూ పీకించి ఎదురు గోడకు మార్చి, అక్కడ కిటికీ తెరిపించాడు, వీధిని చూస్తూ వండుకోవడానికి. వయసు మీద పడుతోందని వంటింట్లోకి దిగే మెట్టును పూడ్పించి నేల ఒక్క మట్టం చేయించాడు. అరలన్నీ కొత్తవి. డబ్బాలన్నీ కొత్త వరసలో. అన్నీ ఆవిడ మీద ప్రేమతోనే చేశాడు, ఆ మాటకు నేనూ ఒప్పుకుంటాను. ప్రేమ లేకపోతే ఇంత నష్టం చేయడం ఎవరి తరమూ కాదు. నేను వీధిలోకి పరిగెత్తి పిన్నికి ముందే చెబుదామనుకునేలోపు ఆటో వచ్చి వాకిట్లో ఆగింది.

బాబాయి ముందు నడిచి, కొత్త కిటికీ పక్కన నిలబడి, రా చూడు అని పిలిచాడు. పిన్ని నవ్వుతూ వచ్చింది. గుమ్మం దగ్గర అలవాటుగా కుడికాలు మెట్టు కిందికి జార్చింది. కింద మెట్టు లేదు. కాలు నేలకు ఎదురుతగిలి మనిషి ముందుకు తూలింది. గట్టు అంచు కోసం ఎడంచెయ్యి చాపింది. అక్కడ గట్టూ లేదు. నేను అందుకునేలోపు మోకాళ్ళ మీద, అరచేతుల మీద పడిపోయింది.

మా అమ్మ నవ్వింది. లేని మెట్టు దిగడం కూడా మతిమరుపులో ఒక రకమేనా అంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. పిన్ని ఏడవలేదు. లేపబోయిన నన్ను వద్దని, నేల మీదే సర్దుకుని కూర్చుంది.

"నాకు మతిమరుపు లేదు. కళ్ళు కనిపించట్లేదు," అంది.

అమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎప్పటినుంచి అని అత్తయ్య అడిగింది, ఈసారి చిన్న గొంతుతో.

"సూదిలో దారం ఎక్కించలేక కుట్టు మానేశానే, అప్పట్నుంచి. ఈయన ఆ మిషను మీద కూరగాయలు తరుక్కోమన్నారు. తరుక్కుంటున్నాను."

అందరం బాబాయి వైపు చూశాం. ఆయన ముఖంలో రక్తం లేదు. పెదవులు కదిలాయి. ఆ పెదవుల్లోంచి ఏ మాట వస్తుందా అని ఎదురుచూశాం.

"ముందే చెప్పుంటే కిటికీ ఇంకా పెద్దది పెట్టించేవాణ్ణి కదే," అన్నాడు.

ఆ మాటకు నేను నా నోరు రెండు చేతులతో మూసుకున్నాను. ఏడుపు ఆపుకోవడానికో నవ్వు ఆపుకోవడానికో నాకే తెలీదు.

మర్నాడు పొద్దున్నే నేను వెళ్ళేసరికి ఆయన టేపు పట్టుకుని ఇల్లంతా కొలుస్తున్నాడు. గది నుంచి గదికి తాళ్ళు కడతాడట, పట్టుకుని నడవడానికి. ప్రతి గుమ్మానికీ వేరే వేరే మోత మోగే గంట. డబ్బాల్లో ఒక్కోదానికి ఒక్కో రకం మూత. రాత్రంతా నిద్రపోలేదని కళ్ళు చెబుతున్నాయి. ఏడ్చాడని కూడా చెబుతున్నాయి. అయినా చేతిలో టేపు మాత్రం వదల్లేదు. పిన్ని కాసేపు విని, నాకు ఇవేవీ వద్దు, ముందు ఎలా ఉందో అలా పెట్టేయండి, మెట్టుతో సహా, అంది. మెట్టెందుకని ఆయన అడిగితే, అది దిగితేనే వంటింట్లోకి వచ్చానని నా కాలికి తెలుస్తుంది అంది.

అదెంత పని అన్నాడు బాబాయి. తీరా మొదలుపెడితే ఆయనకు ముందు ఎలా ఉండేదో గుర్తు రాలేదు. నెలనెలా మార్చినవాడికి ఏ నెలదని గుర్తుంటుంది? టీ పొడి చేత్తో పట్టుకుని అరల ముందు నిలబడిపోయాడు. మా అమ్మను అడిగాడు. ఆవిడ ఒకటి చెప్పింది. అత్తయ్యను అడిగితే ఇంకోటి చెప్పింది. ఆ వంటింటిని మెచ్చుకోవడానికి ఇన్నేళ్ళుగా వచ్చిపోయిన మా అందరిలో ఒక్కరికీ అది ఎలా ఉండేదో తెలీదు. ఇన్ని బుర్రలున్న మా మధ్య మతిమరుపు మనిషి ఒక్కర్తే వచ్చి, మధ్యలో నిలబడి, రెండు చేతులూ గాల్లోకి చాపింది. ఇక్కడ గట్టు అంచు అంది. ఇంకొంచెం ఇటు అంది. ఆవిడ చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ బాబాయి సుద్దముక్కతో గీత గీశాడు. మేస్త్రీ మళ్ళీ వచ్చి, తను కట్టినదంతా తనే పగలగొట్టుకుంటూ నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆ తర్వాత బాబాయికి అసలు శిక్ష మొదలైంది. ఏమీ చేయకుండా కూర్చోవాలి. ఒకటో తారీఖు వచ్చింది. ఆయన టీ తాగాడు, చొక్కా చేతులు మడిచాడు, మళ్ళీ దించుకున్నాడు. వీధిలోకి వెళ్ళొచ్చాడు. చివరికి మా ఇంటికొచ్చి నా కుళాయి విప్పేశాడు. ఇంకోరోజు మనసాగక టీ పొడి డబ్బా ఒక్క బెత్తెడు ముందుకు జరిపితే, పిన్ని చెయ్యి పెట్టగానే పట్టేసింది. ఎవరు జరిపారు అని అడిగింది. నేను కాదే అన్నాడు. ఇంట్లో ఉన్నదే ఇద్దరు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. అప్పటికి పిన్నికి ఎదుటి చూపు కూడా బాగా పలచబడింది. మేమిద్దరం భోజనాల గదిలో కూర్చుని మాట్లాడుకుంటుంటే బాబాయి తువ్వాలు పట్టుకుని వచ్చాడు. ఇబ్బందేమిటో తెలుసుకోకుండా సదుపాయం ఎలా చేస్తామని ప్రకటించి, కళ్ళకు గంతలు కట్టుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళి ఒక గ్లాసు మంచినీళ్ళు ముంచుకుని తాగి వస్తానన్నాడు.

మెట్టు ఆయన అనుకున్నదాని కన్నా ముందే వచ్చేసింది. పడబోయి నిలదొక్కుకున్నాడు. గట్టు అనుకుని గోడ తడిమాడు. అర మీద చెయ్యి వేస్తే చిల్లుల గరిటె కింద పడింది, దాన్ని తీయబోయి వంగితే నుదురు గట్టుకు కొట్టుకుంది. గ్లాసులు వెతుకుతూ ఉప్పులో చెయ్యి పెట్టాడు. నేను లేవబోయాను. పిన్ని నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. ఒక్కో చప్పుడూ తల వంచి వింటోంది. వంటింట్లో అడుగులు మెల్లిగా ఆగిపోయాయి. ఆయన ఏ వైపు తిరిగి ఉన్నాడో ఆయనకే తెలియని చోట నిలబడిపోయాడు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"ఏమే, ఉన్నావా అక్కడ?" అన్నాడు.

"ఉన్నానండీ."

"నీకు రోజూ ఇలాగే ఉంటుందా?"

పిన్ని కాస్త ఆలోచించింది.

"ఇలాగే ఎందుకుంటుందండీ? మీకు సామాన్లు జరిపేవాళ్ళెవరూ లేరుగా," అంది.

బాబాయి గంతలు విప్పుకున్నాడు. నీళ్ళు తాగకుండానే వచ్చి మా ఎదుట నిలబడ్డాడు. చేతిలో తువ్వాలు ఎక్కడినుంచి తీశాడో ఆయనకు గుర్తులేదు. అడిగాడు. పిన్ని చెప్పింది, ఆయన వెళ్ళి అక్కడే పెట్టాడు.